అవసరం లేదన్నారు

మా పక్కింటి వనజాక్షి ఏం పని చేస్తుందని అడిగితే తిరుత్తణిలో మా వీధివాళ్ళెవరూ సరిగా చెప్పలేరు. "టాబ్ పట్టుకొని ఊర్లు తిరుగుతాది" అంటారు. అంతవరకే తెలుసు వాళ్ళకి. నాకు కొంచెం ఎక్కువ తెలుసు, ఎందుకంటే ఆ పనిలోకి నన్ను కూడా లాగింది.

జనం దేనికి ఎక్కువగా బెంగపడుతున్నారో తెలుసుకోవాలని చెన్నైలో ఏదో సంస్థ పెట్టిన సర్వే అది. రైతులు, కూలివాళ్ళు, అంగళ్ళవాళ్ళు, ఆఫీసులకు పోయేవాళ్ళు, చదువుకొనే పిల్లలు, ఒక్కొక్క తరగతిలో ఇన్ని ఇళ్ళని ఉంటుంది. ఇటు ఆర్.కె.పేట దాకా, అటు తిరువళ్ళూరు, పూండి దాకా ఆమెకు పడింది. ప్రశ్నలన్నీ టాబ్‌లో అరవంలో ఉంటాయి. మా పల్లెల్లో పెద్దవాళ్ళు అరవం దంచేస్తారు, బస్సులో, బ్యాంకులో, పోలీసు స్టేషన్లో. కానీ నీకు దేనికి భయం అని అడిగితే జవాబు మాత్రం తెలుగులోనే వస్తుంది. అందుకని ప్రశ్నలు తెలుగులో రాసివ్వమని నా దగ్గరికి వచ్చింది. నేను ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. తెలుగు కావాలని ఎవరైనా నా గుమ్మం తొక్కి ఎన్నాళ్ళయిందో. పొంగిపోయాను.

పొంగు మొదటి ప్రశ్నకే దిగిపోయింది. అరవంలో ఉన్న 'కవలై' అనే మాటకు నేను 'ఆందోళన' అని రాశాను.

"ఆందోళనంటే మావాళ్ళు రోడ్డు రోకో అనుకుంటారు సార్" అంది.

'వ్యాకులత' అన్నాను. నవ్వింది. 'చింత' అంటే చింతపండు వైపు పోయింది. చివరికి 'భయం' దగ్గర రాజీ పడ్డాం. అదీ నేను తెలుగు అక్షరాల్లో రాస్తే ఆమె చదవలేదు. బళ్ళో నేర్చుకున్నది అరవం ఒక్కటే. తెలుగు మాటల్ని అరవ అక్షరాల్లో రాసి ఇచ్చాను. నా జీవితంలో నేను చేసిన తప్పుడు పనుల్లో అదొకటి. క రాయాలన్నా గ రాయాలన్నా ఒకటే అక్షరం, మనిషికి ఒళ్ళు మండదా?

అప్పట్నుంచి సాయంత్రం ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కొని మా అరుగు మీద కూర్చొని ఆ రోజు విన్న భయాలు చెప్పేది. వేరుసెనగ వేసిన ఒకాయనకు అడవిపందులంటే భయం. మరమగ్గం నడిపే ఒకాయనకు చప్పుడు ఆగిపోవడం భయం. ఆ చప్పుడుకే చెవులు సగం పోయాయి, అయినా కరెంటు పోయి మగ్గం ఆగితే గుండె జారిపోతుందట, ఎప్పుడో ఒకరోజు ఇట్లా ఆగి మళ్ళీ కదలదేమోనని. తిరువళ్ళూరులో ఒక గుమాస్తాకు తన కింద కొత్తగా చేరిన పిల్ల భయం, ఆ పిల్ల కంప్యూటరు ముందు కూర్చుంటే ఆయన రోజంతా చేసే పని గంటలో అయిపోతుందట. ప్లస్ టూ చదివే అమ్మాయికి పరీక్షలు భయం లేదు, ఫలితాలు వచ్చిన రోజు నాన్న మొహం భయం.

ఆర్.కె.పేటలో పూజసామాన్ల అంగడి నడిపే కన్యకాంబ అయితే, మొగుడు చెంగయ్య గల్లా దగ్గర ఉన్నంతసేపూ "మాకేం భయాలమ్మా, దేవుడు చల్లగా చూస్తున్నాడు" అంది. వనజాక్షి అట్లాగే ఎక్కించుకుంది. చెంగయ్య గోడౌనుకు పోయాక కన్యకాంబ ఈమె చెయ్యి పట్టుకుంది. "ఆయనకు ఏ సరుకు యాడ పెట్టినాడో జ్ఞాపకముండటం లేదు. నిన్న ఇంటికి దారి నన్నడిగినాడు. ఇది మాత్రం రాయద్దు" అందట.

"మొదట చెప్పేది ఎదురింటోళ్ళ కోసం చెప్పే భయం సార్" అనేది వనజాక్షి. "టాబ్ మూసి బ్యాగులో పెట్టినాకనే అసలుది బయటికొస్తాది." తల ఊపుతూ టీ తాగేవాణ్ణి. నిజం చెప్పాలంటే సీరియల్ చూసినట్టు వినేవాణ్ణి. సిగ్గుపడాల్సిన విషయమే.

ఆమె మొగుడు విజయకుమార్ వ్యాను డ్రైవరు. మేనత్త కొడుకే కాబట్టి పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా 'బావా' అనే పిలుస్తుంది. వ్యాను సుందరరాజ్ అనే ఆయనది. శ్రీపెరుంబుదూరు వైపు ఉన్న ఒక కంపెనీకి మా ప్రాంతం ఆడపిల్లల్ని షిఫ్టుకు తీసుకుపోయి, తిరిగి తెచ్చి ఇళ్ళ దగ్గర దించడం పని. ఇరవై రెండు మంది. వాళ్ళలో విజయకుమార్ కూతురు తనుశ్రీ ఒకతె. ఇరవై ఏళ్ళ పిల్ల, నాన్న పక్క సీటు ఆమెది. విజయకుమార్ పదిహేడేళ్ళుగా స్టీరింగ్ పట్టుకున్నా కోడిని కూడా తొక్కి ఎరగడు. బండి కదిలిందంటే ఫోను ముట్టడు, ఆకాశం ఊడిపడినా సరే. ఈ ఒక్క గుణానికి వీధి వీధంతా అతన్ని మెచ్చుకుంటుంది.

సర్వే మొదట్లో అలవాటు కోసమని వనజాక్షి అతన్నే కూర్చోబెట్టి అడిగింది, నీకు దేనికి ఎక్కువ భయమని. "రోడ్డుకు అడ్డమొచ్చే కుక్కలకి" అన్నాడు. నవ్వుతూ అదే ఎక్కించింది. తన మొగుడికి మాత్రం ఎదురింటివాళ్ళ కోసం చెప్పే భయం ఒకటి, అసలుది ఒకటి ఉంటాయని ఆమెకు తోచలేదు. ఎవరికి తోస్తుంది?

ఆడికృత్తికకు కొండ మీది గుడికి కావళ్ళు మోసుకొచ్చే జనం తగ్గి ఊరు మామూలైన వారంలో విజయకుమార్‌కు ఎడమ రొమ్ములో నొప్పి వచ్చింది. భుజం దాకా లాగిందన్నాడు. వనజాక్షి తిరువళ్ళూరులో ఒక ఆసుపత్రికి తీసుకుపోయింది. ఈసీజీ తీశారు, బెల్టు మీద నడిపించారు. చివర్లో డాక్టరు పిలిచినప్పుడు ఆమె మందుల వరసలో ఉంది, అతనొక్కడే లోపలికి పోయాడు. బయటికి వచ్చి చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "ఆంజియో అవసరం లేదన్నాడు మే, పోదాం పా" అన్నాడు. ఆమెకు అక్కడే ఏడుపొచ్చింది, సంతోషంతో. తిరుగుదారిలో రైల్లో ఇద్దరూ పకోడీలు తిన్నారు.

మరునాడు పలకరించడానికి పోతే నాతో కూడా అదే మాటన్నాడు. "అవసరం లేదన్నాడు సార్." చాలా మంచిదయ్యా అని భుజం తట్టి వచ్చాను. ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పిన నాకే అనుమానం రాలేదు, ఇంకెవరిని ఏమనేది?

పందొమ్మిది రోజులు గడిచాయి. ఆ రోజు వనజాక్షి పూండి దగ్గర ఒక పల్లెలో ఉంది. వెంకటపతి అనే రైతు ఇంటి వసారాలో కూర్చొని ప్రశ్నలడుగుతోంది. ఆయనకు డెబ్బై దాటాయి, నోరు మాత్రం ముప్ఫైలోనే ఆగింది. పెద్ద ప్రశ్నలే నేను తెలుగులో రాసిచ్చాను. వాటి కింద వచ్చే చిన్న చిన్న జవాబులు ఆమె టాబ్‌లో చూసి అప్పటికప్పుడు తెలుగు చేసి చదువుతుంది. వైద్యం గురించిన ప్రశ్న వచ్చింది. "అవసర చికిత్సకు దగ్గర్లో వసతి లేదని భయం" అని చదివింది. అరవంలో ఉన్న మాట అట్లాగే వచ్చేసింది.

వెంకటపతి పట్టుకున్నాడు. తెలియక కాదు, ఆటపట్టించడానికి. "ఏం మే, అవసరం లేని చికిత్స యాడన్నా ఉండాదా? అవసరమైతేనే గదా ఆస్పత్రికి పొయ్యేది!"

ఆమె కూడా నవ్వింది. "అది మన అవసరం గాదు తాతా, అరవం అవసరం. వాళ్ళు అవసరమంటే అర్జెంటని. మన అవసరానికి వాళ్ళు అవసియం అంటారు."

"ఓహో. అట్లయితే అవసరం ఇల్ల అంటే?"

"తొందరేమీ లేదు, నిదానంగా చేసుకోవచ్చు అని..."

అక్కడ ఆగిపోయింది. తన నోట్లోంచి వచ్చిన మాట తన చెవికే తగిలింది. తొందర లేదు. చేసుకోవాలి, కానీ తొందర లేదు. ఆ డాక్టరు మదురై వైపు మనిషి, నర్సులతో, రోగులతో అందరితో అరవమే. తెలుగు ముక్క రాదు. రానివాడు 'అవసరం' అని ఏ భాషలో అంటాడు?

టాబ్ జారి ఒళ్ళో పడింది. వెంకటపతి కంగారుపడి కోడల్ని కేకేశాడు. మంజు అనే ఆ కోడలు నీళ్ళు తెచ్చింది. వనజాక్షి నీళ్ళు పక్కన పెట్టి మొగుడికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మధ్యాహ్నం ఒకటీ నలభై. తిరుత్తణిలో వ్యాను బయల్దేరి పది నిమిషాలై ఉంటుంది. బండి కదిలితే ఫోను ముట్టడు. ఏ గుణానికి వీధంతా మెచ్చుకున్నదో ఆ గుణాన్ని ఆ నిమిషంలో నోటికొచ్చినట్టు తిట్టుకుంది.

తనుశ్రీకి చేసింది. కంపెనీలోకి ఫోన్లు రానివ్వరు, పిల్లలందరూ ఇంట్లోనే పెట్టి పోతారు. ఆ సంగతి తెలిసీ మూడుసార్లు చేసింది. తర్వాత నాకు చేసింది.

"సార్, మా ఇంటికి పోయి చూడండి. బావ ఇంకా పోకుంటే బండి తియ్యద్దని చెప్పండి."

"ఏమైందమ్మా?"

"పోయి చూడండి సార్!" అని అరిచింది. ఎప్పుడూ నా మీద గొంతు పెంచి ఎరగదు. చెప్పులు కూడా వేసుకోకుండా పోయాను. తాళం వేసి ఉంది. కిటికీలోంచి తనుశ్రీ ఫోను మోగుతూ వినిపించింది. ఆగుతుంది, మళ్ళీ మోగుతుంది. ఖాళీ ఇంట్లో ఆ మోత వింటూ కారణం తెలియకుండానే ఆ తాళాన్ని రెండుసార్లు లాగి చూశాను.

వ్యాను తిరువళ్ళూరు మీదుగానే పోవాలి. ఆయిల్ మిల్ స్టాపులో ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకోవడం ఆఖరు. అక్కడికి రెండున్నరకు వస్తుంది. బస్సు కోసం ఎదురు చూస్తే అందుకోలేదు. మంజు ఇంకేమీ అడగకుండా స్కూటీ తీసింది. వెనక కూర్చున్న వనజాక్షికి దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఇప్పుడు ఎక్కడ ఉంటుంది బండి? కనకమ్మసత్రం దాటి ఉంటుందా? అతనికి ఇప్పుడు నొప్పి వస్తే? స్టీరింగ్ మీద తల వాలితే? ఎదురుగా లారీ ఉంటే? పక్క సీట్లో పిల్ల.

సుందరరాజ్ నంబరు ఆమె దగ్గరుంది. అతనికి ఒక్క మాట చెబితే దారిలో తెలిసిన డ్రైవరును ఎవరినైనా పంపి బండి ఆపించేవాడు. చెప్పలేదు. ఈ విషయం తర్వాత ఆమే నాతో చెప్పింది, నేను అడగలేదు. "ఆ నంబరు మింద వేలు పెట్టి రెండు మార్లు తీసేసినా సార్. గుండెజబ్బు అని తెలిస్తే ఇంక బావకి బండెవరిస్తారు? నాదంతా ఉత్త అనుమానమైతే? నా నోటితో నేనే ఆయన పని పోగొట్టినట్టు గదా అని. ఇరవై రెండు మంది పిల్లోళ్ళు ఉండారని తెలిసీ తీసేసినా." ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.

రెండూ ఇరవైకి స్టాపుకు చేరింది. యూనిఫారంలో ఇద్దరు పిల్లలు నిలబడి ఉన్నారు. రెండున్నరైంది. వ్యాను రాలేదు. విజయకుమార్ టైము తప్పే మనిషి కాడు, అతన్ని చూసి గడియారాలు సరిచేసుకోవచ్చు. రెండూ నలభై. తిరుత్తణి వైపుకు ఒక ఆంబులెన్సు కూత పెట్టుకుంటూ పోయింది. వనజాక్షి స్టాపు కమ్మీ పట్టుకొని నిలబడింది, ఆ కమ్మీ ఎండకు కాలుతోందని కూడా తెలియలేదు. అరచెయ్యి బొబ్బలెక్కడం తర్వాత చూసుకుంది. ఆ ఇద్దరు పిల్లలు ఆలస్యమైతే సూపర్‌వైజరు లోపలికి రానివ్వడని విసుక్కుంటున్నారు. వాళ్ళ భయం వాళ్ళది. రెండూ యాభై. ప్రతి తెల్లబండీ అదే అనిపించి, దగ్గరికొచ్చాక కాకుండా పోయింది. మంజు ఆమె భుజం మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడి ఉంది పాపం.

మూడుకు ఐదు నిమిషాల ముందు వ్యాను వచ్చింది, ఎద్దుబండి వచ్చినట్టు నిదానంగా. స్టాపులో ఆగింది. అతనే తోలుతున్నాడు. బతికే ఉన్నాడు. ఆమెకు కాళ్ళ కింద భూమి మళ్ళీ వచ్చినట్టైంది, ఒక్క క్షణం.

"ఏం లేటు?" అని స్టాపులో పిల్లలు అడిగారు.

"సత్రం దాటినాక టైరు వేడెక్కిందని అంకుల్ పక్కన పెట్టినాడు. చల్లారేదాకా ఉండి వొచ్చినాం" అంది లోపల్నుంచి ఒక అమ్మాయి.

వనజాక్షి డ్రైవరు తలుపు దగ్గరికి పోయింది. చొక్కా కాలరు పిండితే నీళ్ళొచ్చేట్టుంది. పెదాలకు రంగు లేదు. పక్క సీట్లో తనుశ్రీ తల్లిని చూసి ఎందుకొచ్చావని కూడా అడగలేదు.

"బావా, డాక్టరు ఏ బాసలో చెప్పినాడు?"

"ఏం డాక్టరు? నువ్వేమిటికి వొచ్చినావు ఈడికి?"

"ఆంజియో అవసరం లేదన్నాడు గదా. ఆ మాట అరవంలో అన్నాడా, తెలుగులో అన్నాడా?"

వెనక బస్సువాడు హారన్ కొట్టాడు. విజయకుమార్ రోడ్డు వైపు చూశాడు. "పిల్లోళ్ళకి టైం అయిపాయ. ఇంటికొచ్చినాక మాట్లాడుకుందాం."

"అరవంలోనా?"

"ఆయప్పకి తెలుగు యాడొచ్చు" అన్నాడు, చాలా నెమ్మదిగా.

"ఇంకేమన్నాడు?"

అతను అద్దంలో వెనక సీట్ల వైపు చూశాడు. ఇరవై మంది పిల్లలు మాటలు మానేసి వింటున్నారు. "అవసరం ఇల్ల, ఆనా పత్తు నాళుక్కుళ్ళ వాంగ అన్నాడు. పది దినాల్లో రమ్మన్నాడు. అంతదాకా బండి తోలద్దన్నాడు."

"ఇయ్యాలకి ఎన్ని దినాలు?"

"పందొమ్మిది."

లెక్క పెట్టుకుంటూనే ఉన్నాడన్నమాట. తెలియక చేసిన పొరపాటని దారి పొడుగునా ఆమెకు ఒక ఆశ ఉండింది, భాష చేసిన మోసం, అతనూ తనలాగే మోసపోయాడని. మోసపోలేదు. డాక్టరు అన్న మాటను అట్లాగే తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు, అక్షరం మార్చలేదు. ఆమె దాన్ని తెలుగులో వింటుందని తెలుసు. దేవుడి ముందు నిలబెట్టి అడిగినా నేను అబద్ధం చెప్పలేదని అనగలడు. ఇంత తెలివి మనిషికి భయం తప్ప ఇంకెవరు నేర్పుతారు?

ఆమె చెయ్యి లోపలికి పెట్టి ఇంజను ఆపి తాళంచెవి లాగింది. అతను మణికట్టు పట్టుకున్నాడు.

"సుందరరాజ్‌కి తెలిస్తే ఇంక నన్ను యాడా స్టీరింగ్ ముట్టనియ్యరు వనజా. ఈ పని తప్ప నాకేమొచ్చు చెప్పు? ఇంట్లో కూర్చోని ఏం చెయ్యాల? ఈ నెల పోనీ. రొంబ నొప్పేం లేదు, అప్పుడప్పుడే."

"నాకు భయంగా ఉండాది బావా" అంది. కోపంగా అనాలనుకున్న మాట అది. "నాకు రొంబ భయంగా ఉండాది. వొదులు."

వదిలాడు. ఆమె అక్కడే, అందరూ వింటుండగా సుందరరాజ్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది, గుండె అనే మాటతో సహా. అతను అరవలేదు. ఇంకో డ్రైవరును పంపిస్తానని, విజయకుమార్‌ను ఇంక బండి ముట్టుకోవద్దని చెప్పమన్నాడు. విజయకుమార్ సీట్లోంచి దిగి, పిల్లలెవరి మొహమూ చూడకుండా ఆసుపత్రికి ఆటో ఎక్కాడు, వెనకే తల్లీకూతుళ్ళు. పదిహేడేళ్ళ పని అంతసేపట్లో అయిపోయింది.

మనిషి బతికాడు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, చదివేవాళ్ళను ఏడిపించడం నాకిష్టం లేదు. ఆ సాయంత్రమే ఆంజియో చేశారు, రెండు చోట్ల మూసుకుపోయిందన్నారు. ఈసారి డాక్టరు బయటికొచ్చి వనజాక్షితోనే మాట్లాడాడు. ఆమె ప్రతి మాటనూ తిరగేసి తిరగేసి అడిగింది, ఆయన ఓపిగ్గా చెప్పాడు. సంతకం పెట్టేటప్పుడు కమ్మీ కాల్చిన చెయ్యి కాబట్టి పెన్ను పట్టుకోలేక ఎడమచేత్తో పెట్టింది.

వనజాక్షి మళ్ళీ ఫోన్ చేసి చెబితే నేను నాలుగింటి కరెంటు రైలు పట్టుకొని పోయేసరికి అతన్ని లోపలికి తీసుకుపోయారు. తల్లీకూతుళ్ళు బెంచీ మీద కూర్చొని ఉన్నారు. తనుశ్రీ ఇంకా కంపెనీ యూనిఫారంలోనే ఉంది. వనజాక్షి నాకు మొదట్నుంచి అంతా చెప్పింది, వెంకటపతి వసారా దగ్గర మొదలుపెట్టి. చెబుతూ చెబుతూ టైరు దగ్గరికి వచ్చింది.

"టైరు వేడెక్కిందని చెప్పినాడంట సార్. నొప్పికి తట్టుకోలేక పక్కన పెట్టుకొని, టైరని చెప్పినాడు. ఇరవై రెండు మంది పిల్లోళ్ళు నమ్మినారు."

"ఇరవై ఒక్క మంది" అంది తనుశ్రీ.

ఇద్దరం ఆమె వైపు తిరిగాం. పిల్ల నేల చూస్తూ మాట్లాడింది. ఆసుపత్రికి పోయొచ్చిన మరునాడే కంపెనీ షెడ్డు దగ్గర, మిగతా పిల్లలంతా దిగిపోయాక, నాన్న ఆమెను కూర్చోబెట్టి నేర్పించాడట. నా తల వాలిపోతే భయపడద్దు. మొదట స్టీరింగ్‌ను ఎడమ పక్కకు తిప్పు, కొంచెమే. తర్వాత హ్యాండ్ బ్రేకు లాగు, ఒక్కసారిగా గుంజితే బండి పల్టీ కొడుతుంది, కొంచెం కొంచెంగా లాగు. ఆఖర్న తాళంచెవి తిప్పెయ్. నాలుగుసార్లు చేయించి చూశాడట. అమ్మకు చెప్పద్దని తన తల మీద చెయ్యి పెట్టించుకున్నాడట.

"రెండు పూటలా బ్రేకు మిందనే చెయ్యి పెట్టుకోని కూర్చుంటి. ఇయ్యాల సత్రం కాడ నేనే లాగినా. నాయన కండ్లు మూసుకున్నాడు. బండి నిలిచినాక తెరిచినాడు" అంది.

వనజాక్షి ఆ పిల్లను చెంప మీద కొట్టింది. ఇరవై ఏళ్ళలో ఆమె కూతురి మీద చెయ్యెత్తడం నేను చూడలేదు. కొట్టిన చెయ్యి బొబ్బలెక్కిన చెయ్యే. నొప్పికి తనే అబ్బా అని వంగిపోయి, అట్లాగే పిల్ల తలను పొట్టకు అదుముకొని ఏడ్చింది. అవతల బెంచీ వాళ్ళు లేచి చూశారు.

ఏమీ తోచనప్పుడు అయ్యవార్లు ప్రశ్న అడుగుతారు, అదొక రోగం. "పందొమ్మిది దినాలు అట్లా కూర్చున్నావే, నీకు భయం కాలేదా అమ్మా?" అన్నాను.

తనుశ్రీ తల్లి చీర కొంగులోంచి మొహం తీసి నా వైపు చూసింది. ఇంత పెద్దవాడికి ఇది కూడా తెలియదా అన్నట్టుంది ఆ చూపు.

"నేను భయపడతా కూర్చుంటే రోడ్డెవరు చూస్తారు సార్?"